తెరకెక్కిన సురభి గొంతు

సురభి కమలాబాయి నటవృత్తి మూకీలు వెనకబడి టాకీలు మొదలైన సంధికాలంలో తెరకెక్కింది. పని నేర్చింది మాత్రం నాటకాల్లో. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక సమాజంలో ఆడవేషాలు ఆడవాళ్లే కట్టేవారు. తల్లి నాటకమాడుతుండగా నొప్పులొచ్చి, కమలాబాయి రంగస్థలం మీదే పుట్టిందంటారు. అతిశయోక్తి అనుకున్నా, సురభి కుటుంబాల పిల్లలకు బడీ, ఇల్లూ రంగస్థలమే.

మూకీ నటికి భాష అక్కర్లేదు. 1921 నాటి మూకీ ‘భీష్మప్రతిజ్ఞ’లో గంగ పాత్ర ఇంగ్లిష్ నటి పెగ్గీ కాస్టెల్లో వేసింది. ముఖం, చేతులు పలికితే చాలు. టాకీ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. హెచ్.ఎం.రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932)లో లీలావతి కమలాబాయే. అప్పటికి నేపథ్యగానం లేదు. నటిస్తూనే పాడాలి, శ్రుతి తప్పితే షాటు మళ్లీ మొదలు. మైకులేని పందిట్లో చివరి వరసదాకా పద్యం వినిపించిన గొంతుకు అదేం గండం కాదు. ఆ ఏడాదే సాగర్ మూవీటోన్ వారి ‘పాదుకా పట్టాభిషేకం’లో సీత, ‘శకుంతల’లో నాయిక అయింది. యడవల్లి సూర్యనారాయణ సరసన.

నేపథ్యగానం వచ్చాక పాడగలిగిన నాయికల అవసరం తగ్గింది. కమలాబాయి తల్లి వేషాలకు మళ్లింది. ‘పాతాళభైరవి’ (1951)లో తోటరాముడి తల్లిగా నేటి ప్రేక్షకులకూ ఆమె పరిచయమే.