దాటవేతే సాక్ష్యం: ‘ద మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ కథనరీతి - పరిశీలన

అగాథా క్రిస్టీ 1926లో వెలువరించిన ‘ద మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ అపరాధ పరిశోధక నవలల్లో మిక్కిలి వివాదాస్పదమైనది. కింగ్స్ ఆబట్ గ్రామ వైద్యుడు షెపర్డ్ ఇందులో ఉత్తమ పురుష కథకుడు. హెర్క్యూల్ పాయిరో పరిశోధనకు సహాయకుడూ అతడే, హంతకుడూ అతడే. ఇది పాఠకుణ్ణి వంచించడమేనన్న ఆక్షేపణ ఉంది. పాఠకుడు ఎవరి ఆలోచనలను అనుసరిస్తాడో వారు నేరస్థులు కారాదని 1929లో రోనాల్డ్ నాక్స్ తన పది నియమాలలో మొదటిదానిలోనే నిర్దేశించాడు.

పాఠాన్ని నిశితంగా పరిశీలిస్తే ఈ ఆక్షేపణ బలహీనపడుతుంది. తోటి పాత్రలతో అబద్ధమాడిన షెపర్డ్, పాఠకుని విషయంలో ప్రధానంగా దాటవేతనే ఆశ్రయిస్తాడు. అక్రాయిడ్‌కు ఉత్తరాలు అందిన వేళనూ, పది నిమిషాల తరువాత తాను గది విడిచిన వేళనూ కచ్చితంగా నమోదు చేస్తాడు. హత్యను మాత్రం వాక్యాల నడుమ ఖాళీలో దాచి, చివరి అధ్యాయంలో ఆ నేర్పుకు తానే మురిసిపోతాడు. అతని రాతప్రతి చదివిన పాయిరో, రచయిత తనను తాను మరుగున ఉంచుకున్న తీరును పసిగడతాడు. ఇక్కడ పరిశోధకుడు చేసేది విమర్శకుని పనే.

వేన్ బూత్ 1961లో ప్రతిపాదించిన ‘అవిశ్వసనీయ కథకుడు’ భావనకు ఈ నవల చక్కని ఉదాహరణ. ఫ్రెంచి విమర్శకుడు పియెర్ బయార్ 1998లో మరో అడుగు వేసి, షెపర్డ్ దోషిత్వాన్నే ప్రశ్నించాడు. దాటవేయడం తెలిసిన కథకుని నేరాంగీకారాన్ని మాత్రం ఎందుకు నమ్మాలి? హంతకుడెవరో తెలిసిన తరువాత కూడా ఈ ప్రశ్న మిగలడమే నవలను పునఃపఠనానికి అర్హం చేస్తున్నది.