బాయి తాడు, ఓడ తాడు

బెల్లంపల్లిలో కూర్చుని తెరచాప ఓడ నమూనాకు తాళ్లు కడుతున్నానంటే మొహమాటానికైనా నవ్వు ఆపుకునేవాళ్లు తక్కువ. సముద్రమెక్కడ, మనమెక్కడ అంటారు. సముద్రం దూరమే, ఒప్పుకుంటాను. తాడు మాత్రం దూరం కాదు. 1920ల చివర్లో ఇక్కడ బొగ్గు బాయిలు పడ్డప్పటి నుంచి ఈ ఊరి బతుకు తాడు మీదే నడిచింది. ఏటవాలు దారిలో బొగ్గు టబ్బులను పైకి లాగింది హాలేజీ తాడు. షాఫ్టులో మనుషులను దించిందీ, ఎక్కించిందీ తాడే.

మా వాడకట్టులో ఒక కాక ఉండేవాడు. బాయిలో రోప్ స్ప్లైసర్. ఇనుప తాడును అతకడం ఆయన పని. చిన్నప్పుడు అడిగాను: "కాకా, తెగిన తాడుకు ముడెయ్యరాదా?"

"ముడేస్తె పుల్లీ మీదికెల్లి ఎట్ల పోతది బిడ్డా?" అన్నాడు జాలిగా చూసి.

హాలేజీ తాడుకు ఆరు పేటలు, వాటి నడుమ నార తాడు ఒకటి. అతకాలంటే రెండు కొసలనూ చాలా దూరం దాకా విప్పుతారు. ఒక కొసలోంచి పేట తీసిన గాడిలోకి రెండో కొస పేటను పురి చెడకుండా కూర్చోబెడతారు. జోడింపులన్నీ ఒకేచోట పడకుండా దూరదూరంగా వచ్చేట్టు చూస్తారు. చివరికి మిగిలిన తోకలను లోపల దాచాలంటే చోటు కావాలి కదా. ఆ మేరకు నడిమి నారను కోసి తీసేసి, ఆ ఖాళీలోకి ఉక్కు పేటను దూరుస్తారు. పని కుదిరితే తాడు మందం ఎక్కడా పెరగదు. పాత ఓడల మీద నావికులు నార తాళ్లకు పొడుగు అతుకు వేసిందీ ఇందుకే. తాడు కప్పీలో ఇరుక్కోకుండా జారాలి.

గనికీ ఓడకూ ఈ చుట్టరికం పాతది. 1834లో జర్మనీలోని హార్జ్ కొండల్లో, క్లౌస్టాల్ వెండి గనుల అధికారి విల్‌హెల్మ్ ఆల్బర్ట్ ఇనుప తీగలను పేని తాడు చేశాడు. నార తాళ్లూ గొలుసులూ తెగుతుంటే వేగలేక గని కోసం చేసిన ఆ తాడే కొన్నేళ్లకు ఓడలెక్కింది. తెరచాప కొయ్యలను నిలబెట్టే నార తాళ్ల చోటు ఆక్రమించింది.

సముద్రంతో మనకేం పని అనేవాళ్లకు మోటుపల్లి అభయ శాసనం చూపిస్తాను. ఓరుగల్లులో కొలువున్న గణపతిదేవుడు 1244లో ఆ రేవులో వేయించాడు. గాలివానకు పగిలిన ఓడల సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే వెనకటి రాజులు మొత్తం లాక్కునేవారట. తాను కట్టుబాటు సుంకం తప్ప మరేదీ ముట్టనని రాయించాడు. ఇక గోదావరి ఎగువ అడవుల టేకు సంగతి. తెప్పలుగా కట్టి నదిలో వదిలితే కింది రేవులకు చేరేది. నరసాపురం, కోరంగి ఓడల పనికి ఆ నదే దారి. కలకత్తాకూ త్రింకోమలికీ నడుమ పెద్ద ఓడను మరమ్మతుకు ఎక్కించగల చోటు కోరంగేనని పాత గెజెటీర్లు రాశాయి. 1839 తుఫాను ఆ రేవును దెబ్బతీసింది.

నేను కడుతున్నది ఆ కాలపు తరహా రెండు కొయ్యల బ్రిగ్గు, అసలులో 64వ వంతు. టేకుతో చేద్దామని మనసు లాగింది గానీ, టేకు పొరలు ఇంత చిన్న కొలతలో మరీ పెద్దగా కనిపిస్తాయి. లోపలి దిమ్మకు మాత్రం నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్ర హాయిగా చెక్కుడు పడింది.

అసలు చిక్కంతా తాడు దగ్గరే. బాయిలో తాడును వ్యాసంతో కొలుస్తారు, పాత ఓడ పుస్తకాల్లో చుట్టుకొలతతో. ఆరంగుళాల తాడంటే మందం రెండంగుళాల లోపే. నా ఓడ మీద అది ముప్పావు మిల్లీమీటరు. బజారులో ఆ మందం దారం దొరుకుతుంది, కానీ దారంలాగే ఉంటుంది, తాడులా ఉండదు. పేనుకోక తప్పదు. కుట్టు దారానికి మామూలుగా చివరి పురి కుడిది. దాన్నే నేరుగా మూడు పేటలుగా పెడితే, విప్పుకోకుండా నిలవడానికి ఎడమకు తిప్పాలి. ఓడ తాడేమో ఎక్కువగా కుడి పురిది. అందుకని ముందు రెండేసి దారాలను ఎడమకు పేని పేటలు చేసుకోవాలి. తర్వాత ఆ మూడు పేటలనూ కలిపి కుడికి. ఒక కొసన చేతి డ్రిల్లు, రెండో కొసన బరువు కట్టిన కొక్కెం. పురి ఎక్కేకొద్దీ తాడు పొట్టిదవుతూ బరువును ముందుకు లాక్కుంటుంది. బరువు చాలకపోతే మెలికలు పడుతుంది. పగ్గాలు పేనిన రైతులకు ఇదంతా నేను చెప్పక్కర్లేదు. పేనినదానికి తేనెమైనం రాస్తే నూగు అణుగుతుంది. కొయ్యలను పట్టి ఉంచే తాళ్లకు చాలామంది కారు నలుపు వేస్తారు. నాకు నచ్చదు. తారు పూసిన నార ముదురు గోధుమ రంగులో ఉండాలి.

కొయ్యను పక్కల నుంచి పట్టే తాళ్లను ష్రౌడ్లంటారు. మొదట కుడి జత, తర్వాత ఎడమ జత, మళ్లీ కుడి. ఒక పక్కనే కట్టుకుంటూ పోతే కొయ్య అటే ఒరుగుతుంది. ఒక్కో ష్రౌడు కింద డెడ్‌ఐ అనే మూడు కన్నాల చెక్క బిళ్ల, దానికి ఎదురుగా ఓడ పక్కన ఇంకో బిళ్ల. రెంటి మధ్య సన్నతాడు పోనిచ్చి బిగించాలి. ఒకటి బిగిస్తే పక్కది వదులవుతుంది. కొయ్యను ముందుకు పట్టే తాడు ముట్టుకుంటే అన్నీ మారతాయి. ష్రౌడ్ల మీద నావికులు ఎక్కే మెట్ల తాళ్లు అసలు ఓడలో 15 అంగుళాల ఎడం, నాకు 6 మిల్లీమీటర్లు. ప్రతి దాటింపు దగ్గరా ఒక క్లోవ్ హిచ్ ముడి. ఏ మెట్టునైనా కాస్త గట్టిగా లాగితే ష్రౌడ్లు నడుమ దగ్గరకొచ్చేస్తాయి. వెనక గీతల కాగితం పెట్టుకుని, వాటిని చూస్తూ ముడేస్తాను.

తెరచాపలు ఎప్పుడు కడతారని చూడవచ్చినవాళ్లు అడుగుతున్నారు. కట్టను. గుడ్డ ఎంత పలచనిదైనా ఈ కొలతలో దుప్పటి ఆరేసినట్టుంటుంది. పైగా పేనిన తాళ్లన్నీ దాని వెనక్కి పోతాయి. రేవులో ఉంది, చాపలు దించేశారు అని చెప్పి ఊరుకుంటున్నాను. ఇక మిగిలినవి అడ్డకొయ్యలను తిప్పే బ్రేసులు. అవి చేతికి అడ్డం పడతాయి కాబట్టి ఆఖరున కట్టాలి. వాటికి తారు లేని లేత రంగు తాడు ఇంకా పేనాల్సే ఉంది.