సయ్యద్, సిద్ది : ఒక్క శబ్దమునకు రెండు గతులు

కర్నూలు జిల్లా పశ్చిమ భాగమునందలి ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల ముస్లిముల పేర్లను పరిశీలించు విద్యార్థికి మొట్టమొదట గోచరించునవి పేరునకు ముందు నిలుచు షేక్, సయ్యద్ అను పదములు. తెలుగువారి ఇంటిపేరు కూడ పేరునకు ముందే యుండును. ఈ స్థానసామ్యమును బట్టి మనవారు వీనిని ఇంటిపేర్లుగా లెక్కించుచున్నారు. ఈ గణన యెంతవరకు సమంజసమో సయ్యద్ శబ్దము నాధారముగా గొని విచారింపవలసియున్నది.

అరబ్బీలో ‘సయ్యిద్’ అనగా ప్రభువు, నాయకుడు. ఫాతిమా, అలీల ద్వారా వచ్చిన ప్రవక్త సంతతివారికి ఇది బిరుదముగా రూఢమైనది. నేటి అరబ్బీ వ్యవహారమున మాత్రము మన ‘శ్రీ’ వలె సామాన్యుల పేర్లకు ముందును వాడబడుచున్నది. దీనికి ‘నా’ అను నర్థమిచ్చు ప్రత్యయము చేరగా ‘సయ్యిదీ’ అయి, వాడుకలో ‘సీదీ’ అయినది. ఉత్తరాఫ్రికాలో ఇది మహాత్ముల పేర్లకు ముందు చేరినది. 1099లో మరణించిన స్పెయిన్ దేశపు వీరుడు రోడ్రిగో డియాజ్‌నకు ‘ఎల్ సిద్’ అను ప్రఖ్యాతి దీనివలననే కలిగినది. దక్కనులో ఈ శబ్దమే ‘సిద్ది’ యై, అబిసీనియా మొదలగు ఆఫ్రికా ప్రాంతములనుండి వచ్చిన హబ్షీలకు పేరైనదని పలువురు పండితుల మతము.

ఈ రెండవ రూపమునకు మన ప్రాంతమున ప్రబలమైన నిదర్శనము లున్నవి. 1660లో పన్హాలా దుర్గమును ముట్టడించిన సిద్ది జౌహర్ కర్నూలు పాలకుడు. ఆదోని నేలిన సిద్ది మసూద్ ఖాన్ 1678లో బిజాపూరు రాజ్యమునకు సంరక్షకుడై, పిదప ఆ పదవిని విడిచి ఆదోనికే మరలెను. 1688లో ఆ దుర్గము మొగలుల వశమయ్యెను. ఆదోనిలోని జుమ్మా మసీదు ఇతని నిర్మాణముగా ప్రసిద్ధము. నేడు మంత్రాలయముగా పేరొందిన మంచాల గ్రామమును రాఘవేంద్రస్వామి కొసగినవాడును ఇతడే యని సంప్రదాయము చెప్పుచున్నది. ఇతని పేరులో సిద్ది అరబ్బీ గౌరవవాచకము. ఖాన్ తురుష్క బిరుదము. మసూద్ ఒక్కటియే స్వనామము. మూడు పదములలో ఇంటిపేరు లేనే లేదు.

ఈ పదమును కొందరు ‘సిద్ధి’ అని మహాప్రాణముతో వ్రాయుచున్నారు. ఇది కేవలము లేఖన దోషము కాదు. అట్లు వ్రాసినంతనే శబ్దము సంస్కృతమై, తపఃఫలము, మంత్రసిద్ధి మొదలగు నర్థములు స్ఫురించును. ఆఫ్రికానుండి దక్కనునకు వచ్చినవారి చరిత్ర మరుగుపడును.

ఇక మూలప్రశ్న. తెలుగు సమాజమున ఇంటిపేరునకు ఒక నియమ మున్నది. ఒకే కులమున ఒకే ఇంటిపేరుగలవారు దాయాదులని భావింపబడుదురు. వారిలో వారికి వివాహము కూడదు. షేక్‌ల నడుమగాని సయ్యద్‌ల నడుమగాని ఇట్టి నిషేధము లేదు. ఇస్లాము ధర్మమున పినతండ్రి బిడ్డల వివాహము సైతము సమ్మతమే. కావున ఇంటిపేరు చేయు పని ఈ పదములు చేయుటలేదు. స్థానమును మాత్ర మాక్రమించినవి. పైగా రెండును ‘ఎస్’ అను పొడి అక్షరముగా కుదింపబడినపుడు వాని భేదము కూడ నశించుచున్నది. షేక్ అనగా వృద్ధుడు, పెద్ద. క్రొత్తగా ఇస్లామును స్వీకరించినవారును తరచుగా ఈ పదమును గ్రహించిరి. కాన ఇద్దరు షేక్‌లు ఒక వంశమువారని యూహించుట నిరాధారము.

ఇది పండితుల శబ్దచర్చతో ముగియు విషయము కాదు. ముస్లిములలో వెనుకబడిన వర్గములకు 4 శాతము రిజర్వేషను కల్పించుచు 2007లో ఆంధ్రప్రదేశ్‌లో చేసిన చట్టము 14 వర్గములను పేర్కొన్నది. అందు షేక్ వర్గము చేరినది, సిద్ది, హబ్షీలు చేరిరి, సయ్యద్‌లు మినహాయింపబడిరి. ఒకే అరబ్బీ శబ్దమునుండి పుట్టిన రెండు రూపములలో ఒకటి పట్టికలోపల, మరొకటి వెలుపల నిలిచినవి. ఇందు ఆశ్చర్యపడవలసినది లేదు. చట్టము చూచినది వ్యుత్పత్తిని గాదు, సామాజిక స్థితిని. ఒకటి వంశగౌరవమును చాటు పదమైనది. రెండవది, బానిసలుగా తేబడినవారు పలువురున్న జనమునకు పేరైనది. ప్రభువాచకమే అట్టివారికి నామమగుట శబ్దచరిత్రలో గమనింపదగిన విపర్యాసము. కాని పేరునందలి పదమును మాత్రమే చూచి వర్గమును నిర్ణయించినచో, వాడుకవలన సయ్యద్ పదము చేరిన నిరుపేద నష్టపోవచ్చును. పేరు వేరు, స్థితి వేరు.

కావున గ్రామములలో పేర్లు సేకరించు పరిశోధక విద్యార్థులు గౌరవవాచకమును, స్వనామమును, వృత్తిని, పూర్వుల గ్రామమును వేర్వేరుగా వ్రాసికొనవలెను. ఆ పదము తాతనాటినుండి వచ్చినదో, బడిలో చేర్చునాడు వ్రాయబడినదో ఇంటి పెద్దల నడిగి తెలిసికొనవలెను. అట్లు చేసిననాడే గౌరవమునకు చెందిన దేదియో, వంశమునకు చెందిన దేదియో తేటపడును.