జాషువా ‘శిశువు’: ముద్దుపేర్లతో కట్టిన సీసాలు

పల్నాటి ఇళ్లలో పసిబిడ్డకు పెట్టే పేరు ఒకటి, పిలిచే పేర్లు పాతిక. అమ్మమ్మకు వాడు బంగారుకొండ, తాతకు దొరబాబు, మేనమామకు పోలీసు. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న తండ్రి నోట ‘ఏరా పెద్దమనిషీ’. నెలల పిల్లవాడిని ఇన్ని పేర్లతో పిలుస్తున్నారంటే, ఏ ఒక్క పేరూ వాళ్ల మురిపానికి చాలడం లేదన్నమాట. ఈ అలవాటును పట్టుకుని ఛందస్సులో కూర్చిన కవి గుర్రం జాషువా. ఆ ఖండిక పేరు ‘శిశువు’. రొంపిచెర్ల లాంటి ఊళ్లో పిల్లలకు ఇంట్లోనే తెలుగు చెప్పుకుంటున్న తల్లిదండ్రులు పద్యం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను దీన్నే చేతికిస్తాను. అందులోని వాత్సల్యం కోసం ఎంతో, పనితనం కోసం అంతే.

రొంపిచెర్లకు ఒకవైపు నరసరావుపేట, ఇంకోవైపు వినుకొండ. జాషువా 1895 సెప్టెంబరు 28న ఆ వినుకొండలోనే పుట్టారు. అంటే ఇది ఈ నేల పద్యం. ఇది ఎక్కువగా సీసాల్లో నడుస్తుంది. సీసం ఎలా నిలబడుతుందో ముందు చూడాలి. సీసపాదంలో రెండు ముక్కలుంటాయి. మొదటి ముక్కలో నాలుగు ఇంద్రగణాలు. రెండో ముక్కలో రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. ఇంద్రగణానికి 4 లేక 5 మాత్రలు, సూర్యగణానికి 3. అందుకని ప్రతి పాదం బారుగా సాగి, చివర రెండు చిన్న అడుగులు వేసి ఆగుతుంది. అలాంటివి నాలుగు పాదాలు. వాటి కింద ఎత్తుగీతి, తేటగీతి గానీ ఆటవెలది గానీ. ఇంత పొడుగు పద్యాన్ని పూరించడానికి విశేషణాలు పేర్చి గడిపేసిన కవులు చాలామంది ఉన్నారు. జాషువా ఆ పొడుగును దేనికి వాడుకున్నారో చూడండి.

ఒక సీసంలో పాదానికి ఒక మనిషి. తొమ్మిది నెలలు తిండీ నీళ్లూ ఎరగకుండా నడిచి వచ్చిన బాటసారి ఒక పాదం. జానెడు కడుపు చీకట్లో నిద్రపోయి లేచినవాడు ఒక పాదం. పళ్లు లేని నోటి నవ్వుతో ముద్దులు పుట్టించేవాడు మరొకటి. నాలుగో పాదంలో అతిథి వస్తాడు. ఈ అతిథి తన భోజనం తానే తెచ్చుకున్నాడు, తల్లి పాల రూపంలో. చుట్టం వస్తే అన్నం పెట్టే ఇంటికి తన అన్నంతో సహా వచ్చిన చుట్టం! ఇంటివాళ్లు రోజూ చూస్తూనే ఉన్న సంగతి ఇది. చెప్పాక గానీ ఎంత వింతో తెలియలేదు. నడక ఇక్కడ నింపాదిగా ఉంటుంది. ఒక్కొక్క మనిషి పాదం పొడుగునా పరుచుకుంటాడు.

తరువాత మరో సీసంలో వేగం రెట్టింపవుతుంది. పాదానికి ఒకరు కాదు, ముక్కకు ఒకరు. పాట వినిపించందే కన్ను మూయని రాజు, తల్లి కౌగిలిలో చిలుక, కండలు పోగవుతున్న వస్తాదు, ఉయ్యాల దిగని అదృష్టవంతుడు, ఇంకా పెళ్లికాని శివుడు. నాలుగు పాదాల్లో ఎనిమిది మంది. వాక్యానికి క్రియ లేదు, ఎనిమిదీ నామవాచకాలే. ఇంట్లో వరసగా ఒకరి చేతిలోంచి ఒకరు బిడ్డను అందుకుంటూ పిలిచే పేర్ల జోరు ఇదే. వ్యాయామశాల మాట అయిన ‘వస్తాదు’ పక్కన సాంబమూర్తి పేరు పెట్టడానికి ఆయన జంకలేదు. మనమూ జంకం కదా, ఒకే బిడ్డను పొద్దున కృష్ణుడనీ, సాయంత్రం రౌడీ అనీ పిలుస్తాం.

ఆ సీసంలో నాకు అన్నిటికన్నా నచ్చేది చివరి పాదం. మొదటి ముక్కలో పుట్టుక అనే సముద్రాన్ని ఈది వచ్చిన పరదేశి. రెండో ముక్కలో అదే మనిషి ఇంటికి కొత్త పెత్తందారు. మధ్యన ఒక్క విరుపు, అంతే. ఆ విరుపులోనే పరాయివాడు యజమాని అయిపోయాడు. నిన్నటిదాకా ఎవరో తెలియని ప్రాణి, ఇవాళ ఇంటిల్లిపాది నిద్రా తిండీ తన ఏడుపు ప్రకారం జరిపిస్తున్నాడు. సీసపాదం రెండు ముక్కలుగా ఎందుకుందో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇంకొక సీసంలో పద్ధతి మారుతుంది. పేర్లు ఆగిపోయి ప్రశ్నలు మొదలవుతాయి. మొదటి ముక్కలో కవికి ఒక అనుమానం, రెండో ముక్కలో బిడ్డ చేసే పని. ఉయ్యాల ఏం బోధిస్తోందో, ఒంటరిగా ఊకొడుతున్నాడు. దేవుడు ఏం సరసమాడుతున్నాడో, ఉన్నట్టుండి కేరింతలు. పుట్టి మూడు రోజులు కాలేదు, ఎప్పుడు నేర్చాడో, పొమ్మంటే మొహం చిన్నబుచ్చుకుంటాడు. ఇది ఉయ్యాల దగ్గర కూర్చున్నవాడే రాయగలడు. పెద్ద ఉపమానం ఒక్కటీ లేదు, గమనింపు ఉంది.

ఎత్తుగీతిలో ఆయన గొంతు తగ్గుతుంది. రాజు, శివుడు, వస్తాదు అని పొగిడిన నోటితోనే, వీడికి మాట రాదు, పాలు తాగడం తప్ప ఏం తెలియదు, లేచి నిలబడలేడు, ఏ దేశం వాడో ఎవరికీ తెలియదు అని మామూలుగా చెబుతారు. ఇంకోచోట, ఏ పని మీద వచ్చాడో మాటలొచ్చాక అడగాలంటారు. ముందు ముందు ఏమవుతాడో గానీ ఈ క్షణానికి మాత్రం పాపమెరగడు అని తేల్చి ఆపుతారు. సీసంలో ఎగరేసిన గాలిపటాన్ని గీతిలో దారం చుట్టి చేతికి తెచ్చినట్టుంటుంది. భూమి అనే బడిలో ఈ బిడ్డ కొత్తగా చేరాడని చెప్పేదీ ఒక గీతిలోనే. ఇంట్లో చదువు చెప్పుకునేవాళ్లకు ఆ ఊహ ఎంత దగ్గరిదో వేరే చెప్పాలా?

ముద్దుపేర్లను కవి తెలిసే వాడారనడానికి రుజువు మరో గీతిలో ఉంది. రేపు పెరిగి, చదువుకుని బతికేనాడు, తల్లి ఇప్పుడు పిలుస్తున్న బంగారం, రత్నం వంటి పిలుపులను వీడు నిలబెట్టుకోవాలని దీవిస్తారు. ఆ దీవెన ఆటవెలదిలో ఉంది. వేమన పద్యాల వల్ల తెలుగు పిల్లల నాలుక మీద మొదట ఆడే ఛందస్సు అది.

ఇదంతా రాసిన మనిషి ఎవరో మరవకూడదు. అంటరానితనం ఆయనను చాలా గడపల దగ్గర ఆపింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘదూతం, రఘువంశం చదువుకుని, బతుకుతెరువుకు ఉపాధ్యాయుడై, 1941లో ‘గబ్బిలం’ రాసి కులం మీద తన నిరసనను లోకం ముందు పెట్టారు. ‘శిశువు’లో ఆ కోపం ఎక్కడా కనిపించదు. కానీ అన్ని పేర్లలో ఒక్క కులం పేరు లేదు. పరదేశి అన్న మాట ఆయన చేతిలో ఊరికే పడిందని నేను అనుకోను. సొంత ఊళ్లో పరాయిగా చూడబడ్డవాడు, పుట్టిన ప్రతి బిడ్డకూ ఇంటి పెత్తనం రాసిచ్చాడు. ఆ పద్యాలు ఘంటసాల గొంతులో రేడియోల వెంట ఇళ్లలోకి వెళ్లాయి.

పద్యం ఇంట్లో పెరగడం ఈ సీమకు కొత్త కాదు. రొంపిచెర్లకు ఇరుగుపొరుగైన సంతమాగులూరు వైపు కొప్పరంలో 1885లో ఒకరు, 1887లో ఒకరు పుట్టిన అన్నదమ్ములు కొప్పరపు సోదర కవులుగా సభల్లో ఆశువుగా వందల పద్యాలు చెప్పి పేరు పొందారు. అంత ధార మనకు అక్కరలేదు. చెవి పదునైతే చాలు. ‘శిశువు’ అందుకు బాగా పనికొస్తుంది. సీసంలో ప్రతి ముక్కకూ మొదటి గణం మొదటి అక్షరం, మూడో గణం మొదటి అక్షరం యతి కుదరాలి. పసివాడి ‘ఊ’తో ఒక ముక్క మొదలుపెట్టి, దానికి ‘ఒ’ను జతగా వేశారు జాషువా. ఉ, ఊ, ఒ, ఓలు యతికి మిత్రులన్న సూత్రాన్ని పుస్తకంలో బట్టీ పట్టనక్కరలేదు, ఆ ముక్క నాలుగుసార్లు పైకి చదివితే పిల్లలకే తెలుస్తుంది. లఘువుకు ఒక చప్పట, గురువుకు రెండు. గణాలు అలాగే వస్తాయి.

శతకాల మీద నాకు అభ్యంతరం లేదు. వేమన, సుమతి రావలసిందే. కాకపోతే శతకం పిల్లవాడికి ఏదో ఒకటి బోధిస్తుంది. ఈ ఖండిక పిల్లవాణ్ణే చూస్తుంది, చూసి సంతోషిస్తుంది. తనలాంటి మనిషి పద్యంలో ఉన్నాడని తెలిసిన పిల్లలు పద్యం దగ్గరికి వాళ్లంతట వాళ్లే వస్తారు. మిరప కోతల రోజుల్లో పగలంతా పొలంలో ఉండే తల్లి కూడా రాత్రి అన్నాలయ్యాక ఒక సీసం పైకి చదవగలదు.

ఇంట్లో చదువు చెబుతున్న అమ్మలూ నాన్నలూ, ఒక పని చేయండి. ‘శిశువు’ను ముందు మీరు గొంతెత్తి చదవండి, అర్థాలు తరువాత చెప్పండి. ఆపైన ఇంట్లో చంటిబిడ్డ ఉంటే బిడ్డకు, లేకపోతే నాయనమ్మకు, ఎనిమిది పేర్లు పెట్టమని పిల్లలను అడగండి. ఛందస్సు కుదరకపోయినా ఫరవాలేదు. ఆ ఎనిమిది పేర్లూ ఒక నోటుబుక్కులో తేదీ వేసి రాయించి దాచండి.