జ్ఞాపకముచేయు యంత్రము: గుణదోషములు

మెదడుకు దెబ్బ తగిలినవారిలో పలువురు పూర్వపు సంగతులు చెప్పగలరు; కాని పదిగంటలకు మందు వేసికొనవలెనన్న మాట మరచిపోవుదురు. ఈ లోపమును తీర్చుటకే అమెరికాలో ‘న్యూరోపేజ్’ పుట్టినది. నిర్ణీత వేళకు కంప్యూటరు సందేశము పంపగా, నడుమునకు తగిలించుకొన్న పేజరు మ్రోగి దానిని అక్షరములలో చూపెడిది.

ఇంగ్లండులో బార్బరా విల్సన్ బృందము దీనిని 143 మందిపై పరీక్షించి, 2001లో ఫలితములు ప్రకటించినది. చీట్లు తీసినట్లు రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు ముందును, రెండవదానికి తరువాతను ఏడేసి వారములు పేజరునిచ్చిరి. ఈ పద్ధతి ప్రశంసనీయము. కాలక్రమమున దానంతట కలిగిన మేలును యంత్రమునకు అంటగట్టు ప్రమాదము దీనివలన తగ్గినది. పరీక్ష పూర్తిచేసినవారిలో 80 శాతమునకు పైగా తమ పనులను మునుపటికంటె బాగుగా నెరవేర్చుకొనిరి.

అయితే ఇందు లెక్కించినది నెరవేరిన పనులను. దీనినిబట్టి జ్ఞాపకశక్తియే తిరిగి వచ్చినదనుట తొందరపాటు. పేజరు తిరిగి ఇచ్చిన ఏడు వారములకు కూడ చాలమందిలో మేలు నిలిచినది. అది అలవాటు ఫలమై యుండవచ్చును. ముందుగా అమర్చని పనిని యంత్రము గుర్తుచేయజాలదు. నేడు సెల్‌ఫోనులో గంట పెట్టుకొనువారికిని ఇదే వర్తించును. ఊతకఱ్ఱ విరిగిన కాలును అతికించదు. అయినను మనిషిని నడిపించును. ఇంటివారు ఇంతవరకే ఆశించినచో నిరాశపడరు.