డాలరు పౌండుగా మారిన అచ్చు: కంప్యూటరు కూర్పులో ద్రవ్య చిహ్నములు

గణితశాస్త్ర గ్రంథములను అచ్చునకు సిద్ధపరచు కంప్యూటరు సాధనములలో 'టెక్' అను దానికి సాటి వచ్చునవి కొద్ది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డోనాల్డ్ కనూత్, తాను రచించిన గ్రంథపు క్రొత్త ముద్రణ ప్రూఫులను 1977లో చూచి, వాని వికారమునకు రోసి, స్వయముగ పూనుకొని దీనిని నిర్మించినాడు. పంక్తులను విరుచుటలోను, సమీకరణములను పొందికగా నిలుపుటలోను అది చూపు శ్రద్ధ నేటికిని ఆశ్చర్యము గొలుపును. అట్టి సాధనములో మొదటినుండి ఒక వింత దోషము కలదు. $500 అని నిటారు అక్షరములలో కూర్చి, ఆ పంక్తినే కనూత్ తయారుచేసిన ఇటాలిక్ అక్షరములకు, అనగా వాలు వ్రాతను పోలిన అచ్చునకు, మార్చినచో కాగితముపై £500 అని పడును. అక్షరముల వాలు మారినంతనే దేశపు ద్రవ్యమే మారిపోయినది! యంత్రము ఎట్టి హెచ్చరికయు చేయదు. దాని దృష్టిలో తప్పేమియు జరుగలేదు.

ఏల జరుగలేదో తెలిసికొనుటకు ఫాంటు అనగా నేమో గ్రహింపవలెను. ఫాంటు ఒక గదుల వరుస. ప్రతి గదికి ఒక సంఖ్య. ప్రతి గదిలో ఒక అక్షరపు రూపము. 'డాలరు గుర్తును అచ్చు వేయుము' అన్నప్పుడు కంప్యూటరునకు అందునది డాలరు కాదు, 36 అను సంఖ్య. ఆ గదిలో ఏ బొమ్మ ఉన్న అది కాగితముపైకి వచ్చును. కనూత్ తొలి ఫాంటులలో ఒక్కొక్క దానికి 128 గదులు మాత్రమే కలవు. గణితమునకు గ్రీకు పెద్ద అక్షరములు కావలెను. ఎఫ్, ఐ వంటి అక్షరములు కలిసిన జంట రూపములు కావలెను. ఇన్నింటికి చోటు చూపిన పిమ్మట పౌండు గుర్తునకు గది మిగులలేదు. అందుచేత ఇటాలిక్ ఫాంటులోని 36వ గదినుండి డాలరును తొలగించి, అందు పౌండును కూర్చుండబెట్టిరి.

ఈ ఏర్పాటు పొదుపైనదే. ఆనాటి పరిమితులను బట్టి క్షమింపదగినదే. అయినను శాస్త్రదృష్టితో చూచినచో ఇది మూలసూత్రమునకు విరుద్ధము. నిటారు 'అ'యు, వాలిన 'అ'యు ఒకే అక్షరపు రెండు వేషములు. డాలరు, పౌండు అట్లు కావు. అవి రెండు వేరు వస్తువులు. వేషము మార్చుటకు ఉద్దేశించిన సాధనముతో వస్తువునే మార్చుట తగదు. టెక్‌లో డాలరునకు మరియొక కష్టము కూడ కలదు. గణితములోనికి ప్రవేశించు ద్వారముగ ఆ గుర్తునే వాడినందున, అసలు డాలరును అచ్చు వేయుటకు దాని ముందు ఒక వెనుకగీత చేర్చవలెను. గణితపు కూర్పు ఖర్చుతో కూడిన పని గనుక ఆ గుర్తును ఎన్నుకొంటినని కనూత్ తన గ్రంథములో చమత్కరించినాడు.

కొలతల విషయములో మాత్రము టెక్‌ను మెచ్చుకొనవలసినదే. అక్షరపు రూపమెట్లుండునో టెక్‌కు తెలియదు. ఆ అక్షరమున్న పెట్టె వెడల్పు, ఎత్తు, క్రిందికి దిగు లోతు, వాలుటవలన చేయవలసిన సవరణ మున్నగు కొలతలు మాత్రము వేరొక పట్టికలో దానికి అందును. ఆ పెట్టెలను ప్రక్కప్రక్కన పేర్చుటయే దాని పని. కావున క్రొత్త చిహ్నమును చేర్చువాడు బొమ్మ గీసి ఊరకుండిన చాలదు. కొలతల పట్టికను కూడ ఈయవలెను. కనూత్ నిటారు ఫాంటులో ప్రతి అంకె వెడల్పు అర 'ఎమ్', డాలరు వెడల్పు కూడ సరిగా అంతే. ఎమ్ అనగా అచ్చు పనిలో టైపు పరిమాణమును బట్టి లెక్కించు అడ్డుకొలత. ఈ సమానత్వము మూలముననే జమాఖర్చుల పట్టికలో అంకెలు ఒకదానిక్రింద నొకటి బారుగా నిలుచును. ఈ చిన్న విషయమును లక్ష్యపెట్టని చిహ్నములు నేటికిని ఎన్నో కలవు.

1990లో ఐర్లండులోని కార్క్ నగరమున టెక్ వినియోగదారులు సమావేశమై 256 గదుల పట్టికను నిర్ణయించిరి. అందు డాలరునకు 36, పౌండునకు 191 వేరువేరుగ లభించినవి. దోషము తీరినది. ఇతర ద్రవ్య చిహ్నముల కొరకు తరువాత ఒక తోడు పట్టిక ఏర్పడినది. ఆ తోడు పట్టికలో యూరోకు ఇచ్చిన గది కూడ 191 అగుట విశేషము! రెండు వీధులలో ఒకే ఇంటి సంఖ్య వంటిదిది. ఉత్తరము వేయువాడు వీధి పేరు మరచినచో యూరో ఉండవలసినచోట మరల పౌండే తలుపు తీయును.

యూరో చిహ్నము కథ వేరు. 1996 డిసెంబరులో యూరపియన్ కమీషన్ దానిని లోకమునకు చూపినది. గ్రీకు ఎప్సిలాన్ అక్షరమునుండి రూపమును, స్థిరత్వమునకు సూచనగ రెండు అడ్డగీతలను గ్రహించి, వృత్తభాగములతోను సరళరేఖలతోను నిర్దిష్టమైన జ్యామితి నిర్మాణముగ దానిని ప్రకటించిరి. రేఖాగణితము చెప్పు ఉపాధ్యాయునకు ఇది చక్కని అభ్యాసము. అచ్చు కూర్పువానికి మాత్రము చిక్కు. ఏ ఫాంటులోనైన సన్నగీతలు, లావుగీతలు, వంపులు ఆ ఫాంటు స్వభావమును బట్టి ఉండును. అన్ని ఫాంటులలోను మారని ఒకే వృత్తపు యూరో వాని నడుమ పరాయి ముద్రవలె నిలుచును. పైగా వృత్తమును ఆశ్రయించినది గనుక అంకెలకంటె వెడల్పుగ ఉండును.

టెక్ కొరకు తయారైన 'యూరోసిమ్' అను ఉపకరణము ఈ చిక్కును తెలివిగ ఎదుర్కొన్నది. దాని నిర్మాత కమీషన్ వారి జ్యామితిని మెటాఫాంటు భాషలో వ్రాసినాడు. మెటాఫాంటు కూడ కనూత్ సృష్టియే. అందు అక్షరమును బొమ్మగ కాక సమీకరణములతో వర్ణింతురు. కావున వాలు రూపము, లావు రూపము గూడ అందులోనే పుట్టించుటకు వీలైనది. అంతటితో నిలువక, వాడుకలోనున్న ఫాంటునుండియే 'సి' అక్షరమును గైకొని దానిపై రెండు గీతలు వేసి యూరోను పుట్టించు మార్గమును కూడ ఇచ్చినాడు. శీర్షికకు, ప్రకటనకు అధికార రూపము తగును. వాక్యము మధ్య చదువునప్పుడు రెండవదియే కంటికి ఇంపు, కొంత మోటుగ ఉన్నను. 'సి' మరీ ఇరుకైన ఫాంటులలో ఆ గీతలు కలిసిపోయినట్లు కనిపించును. ఇది దాని లోపము. ఎన్నుకొను స్వేచ్ఛను వాడువానికే విడుచుట ఆ ఉపకరణపు గొప్ప గుణము.

రూపము ఇట్లు చక్కబడినను సంఖ్యల గందరగోళము తప్పలేదు. యూరోకు ఒక ప్రసిద్ధ పట్టికలో 164, మరియొకదానిలో 128, మెకింటాష్ కంప్యూటర్లలో 219. ఒకచోట యూరోగా వ్రాసినది వేరొకచోట చదువగా వేరు గుర్తగును. ప్రపంచభాషల లిపులన్నింటికి ఒకే పట్టికయైన యూనికోడు 1998లో యూరోకు తనదైన స్థానమును ఇచ్చినది.

మన రూపాయి చిహ్నమునకు ఇదే పరీక్ష 2010లో ఎదురైనది. ఉదయకుమార్ రూపొందించిన ₹ గుర్తును భారత ప్రభుత్వము జూలై 15న ఆమోదించినది. దేవనాగరి 'ర'ను, నిలువుగీత లేని రోమను 'ఆర్'ను కలిపిన రూపము, పైన రెండు అడ్డగీతలు. గీయుట సులభము, గుర్తించుట సులభము. కొద్దిదినములలోనే ఉత్సాహవంతులు ఫాంటులు తయారుచేసి పంచిపెట్టిరి. వారి వేగము మెచ్చదగినది, పద్ధతి కాదు. కీబోర్డు మీద 1 అంకెకు ఎడమనున్న చిన్న ఒంటిగీత గుర్తు గదిలో, అనగా 96వ గదిలో, రూపాయిని ఉంచిరి. ఆ ఫాంటున్న యంత్రములో రూపాయి కనబడును. అది లేని యంత్రమునకు పంపగా `500 అని ఒక గీత మిగులును. ఇటాలిక్‌లోని పౌండు కథయే ఇది. కనూత్‌కు గదులు చాలక చేసినది, ఇచట తొందరచేత జరిగినది. అదే ఏడాది అక్టోబరులో యూనికోడు 6.0 కూర్పున రూపాయికి 20బి9 అను షోడశాంశ సంఖ్య లభించినది. అప్పటికే పాత ఫాంటుతో వ్రాసియుంచిన పత్రములు తమంతట తాము మారవు గదా!

తెలుగు ఉపాధ్యాయులకు ఈ దోషము కొత్తది కాదు. ఇంగ్లీషు అక్షరముల గదులలో తెలుగు బొమ్మలను నింపిన ఫాంటులతో ఎన్నో ప్రశ్నపత్రములు, పాఠములు టైపు అయినవి. ఫాంటు తీసివేయగా మిగులునది అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు. తెలుగు లిపికి యూనికోడులో 1991నుండియే స్థానమున్నను ఈ అలవాటు చాలకాలము సాగినది.

జీటెక్ వంటి నేటి టెక్ రూపములు యూనికోడును నేరుగ గ్రహించును. వానిలో సంఖ్య తప్పిపోవు భయము తగ్గినది, గాని మరియొక భయము మిగిలినది. ఎన్నుకొనిన తెలుగు ఫాంటులో ₹ బొమ్మ లేనిచో టెక్ పనిని ఆపదు. 'అక్షరము లేదు' అని చిట్టాలో ఒక వరుస వ్రాసి ముందునకు సాగును. ఆ చిట్టాను చదువువారు అరుదు. బ్యాంకు వడ్డీ లెక్కలో ₹500 అని టైపు చేసిన ఉపాధ్యాయునికి కాగితముపై ₹ గుర్తు కనబడదు. చిహ్నము కొరకు మరియొక ఫాంటును ఎరువు తెచ్చిన గీతల మందము, అంకెల ఎత్తు సరిపడవలెను. అంత శ్రమ పడలేనివారికి 'రూ.' ఉండనే ఉన్నది. అది తెలుగు అక్షరములతోనే ఏర్పడినది గనుక ఏ తెలుగు ఫాంటులోను లేకపోదు.