హార్డ్‌కోర్ పంక్: ఒక సాయంత్రం, అనేక బృందాలు

హార్డ్‌కోర్ పంక్ సంగీతంపై వెలువడిన విమర్శలో అధిక భాగం రికార్డులను ఆధారం చేసుకొని సాగింది. గాయకుని ఆక్రోశం, గిటారు వేగం, గీతంలోని రాజకీయం - వీటిని రికార్డు విని తూచడం సులభం. అయితే ఈ సంగీతపు మూల రూపం రికార్డు కాదు. మూడు నాలుగు బృందాలు ఒకే సాయంత్రం, ఒకే చిన్న హాలులో, ఒకదాని వెంట ఒకటి వాయించే స్థానిక ప్రదర్శనే దాని మూల రూపం. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో 1979 తరువాత జరిగిన చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ.

ఆ నగరంలో ఈ ధోరణికి దారి చూపినది నలుగురు నల్లజాతి కళాకారుల బ్యాడ్ బ్రెయిన్స్ బృందం. జాజ్ సమ్మేళన సంగీతంతో ప్రారంభించి పంక్ వైపు మళ్లిన ఆ కళాకారులకు అపారమైన వేగంతో పాటు అంతే కచ్చితమైన లయ కూడా ఉండేది. వారిని వేదికపై విన్న పాఠశాల వయస్సు యువకులు తామూ బృందాలు కట్టారు. టీన్ ఐడిల్స్ అటువంటిదే. 1980లో ఆ బృందం విడిపోయినప్పుడు, ప్రదర్శనల వల్ల కూడిన కొద్దిపాటి డబ్బును సభ్యులు పంచుకోలేదు. దానితో ఒక చిన్న రికార్డు అచ్చు వేయించారు. డిస్కార్డ్ సంస్థ ఆ విధంగా పుట్టింది. అంటే ప్రదర్శనే రికార్డుకు పెట్టుబడి అయింది.

గీతం ఒకటి రెండు నిమిషాలలో ముగుస్తుంది. బృందానికి దక్కే వ్యవధి సుమారు అరగంట. డ్రమ్స్, ఆంప్లిఫయర్లు తరచు ఉమ్మడివే. ఇప్పుడే వాయించి దిగినవాడు మరుక్షణం ముందు వరుసలో నిలబడి తరువాతి బృందంతో గొంతు కలుపుతాడు. కనుక ఏ బృందమూ ఒంటరిగా వినబడదు. ఈ తత్త్వాన్ని రికార్డులోనూ నిలిపిన అరుదైన రచన 1982లో ఫెయిత్, వాయిడ్ బృందాలు చెరొక వైపు పంచుకొన్న రికార్డు. ఫెయిత్ వైపు పొందిక, వాయిడ్ వైపు ఏ క్షణాన కూలిపోతుందో అనిపించే అలజడి. విడివిడిగా వింటే మొదటిది సామాన్యంగానూ, రెండవది అస్తవ్యస్తంగానూ తోచవచ్చు. పక్కపక్కన నిలిపినప్పుడు ఒకదాని క్రమం మరొకదాని భంగాన్ని వెలుగులోకి తెస్తుంది. అదే సంవత్సరం 11 బృందాల గీతాలతో వెలువడిన 'ఫ్లెక్స్ యువర్ హెడ్' సంకలనంలో ఇంతటి పదును లేదు; అది ప్రదర్శన కంటే హాజరుపట్టీని ఎక్కువగా పోలి ఉంటుంది.

ప్రవేశం ఎవరికి అన్న ప్రశ్న కూడా కళారూపంలో భాగమే. మద్యం అమ్మే క్లబ్బులు పిల్లలను రానీయవు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక క్లబ్బు నిర్వాహకులు టీన్ ఐడిల్స్ సభ్యుల చేతులపై పెద్ద ఇంటూ గుర్తు వేసి, మద్యం పోయకుండా లోపలికి అనుమతించారు. ఆ పద్ధతిని వారు తమ నగరానికి తెచ్చారు. నిషేధపు గుర్తు క్రమంగా మద్యాన్ని స్వచ్ఛందంగా విడిచినవారి చిహ్నమైంది.

వేదికకూ సభకూ భేదం లేదన్న మాటను మాత్రం యథాతథంగా అంగీకరించడం కష్టం. తోపులాట హింసగా మారినకొద్దీ ముందు వరుసలు బలిష్ఠులైన యువకుల సొంతమయ్యాయి. స్త్రీలు గోడల వైపు జరిగారు. 1985 వేసవిలో రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ వంటి బృందాలు ఈ మొరటుతనానికి విముఖమై సంగీతాన్నే మార్చుకొన్నాయి. 1987 సెప్టెంబరు 3న విల్సన్ సెంటర్‌లో తొలిసారి వాయించిన ఫ్యుగాజీ, సాధారణంగా 5 డాలర్ల రుసుముతో, అన్ని వయస్సులవారికీ ప్రవేశమిచ్చి, దౌర్జన్యం చేసినవానికి టికెట్టు డబ్బు తిరిగి ఇచ్చి బయటకు పంపేది. 1990ల ఆరంభంలో బికినీ కిల్ బృందం స్త్రీలను వేదిక ముందుకు పిలిచింది. ఈ చర్యలను సంగీతేతరమని తోసిపుచ్చిన విమర్శకులు లేకపోలేదు. కాని ఎవరు ఎక్కడ నిలబడి వింటున్నారన్నదే ప్రధానమైన కళలో, ఆ స్థానాన్ని మార్చడం రచనను మార్చడమే.

నేడు ఈ ప్రదర్శనలు భద్రపరచవలసిన వారసత్వంగా గుర్తింపు పొందాయి. ఫ్యుగాజీ 2011 నుంచి తన ప్రదర్శనల ధ్వనిముద్రణలను వందల సంఖ్యలో అందుబాటులోకి తెచ్చింది. వాషింగ్టన్ ప్రజా గ్రంథాలయం 2014లో పంక్ సంగీతానికి ప్రత్యేక భాండాగారం నెలకొల్పింది. మొదటిదానిలో వినబడేది ఫ్యుగాజీ వాదనమే. అదే సాయంత్రం ముందుగా వాయించిన బృందాలు అందులో లేవు. రెండవదానిలో కరపత్రాలు, చిన్న పత్రికలు, ఛాయాచిత్రాలు కూడా చేరాయి. సగం నిండిన హాలులో మొదట వాయించి, ఏ రికార్డూ వేయకుండానే విడిపోయిన బృందాల పేర్లు మిగిలే చోటు అటువంటి కరపత్రాల అడుగు వరుసలే.